సంపంగి డబ్బా, సుబ్బన్న ముక్కు

మాఘ పౌర్ణమి నాడు పొద్దున ఐదింటికే లేచి భారతి ఆ రోజు పనులన్నీ నోటుపుస్తకంలో వరసగా రాసుకుంది. ఆరింటికి మైనం కరిగించాలి. ఏడింటికి వాసన నూనె కలపాలి. ఎనిమిదింటికి గాజు గ్లాసుల్లో పోయాలి. ఒంటిగంటకు అట్టపెట్టెల్లో సర్ది, రెండింటి బస్సుకు ఆదోని వదలాలి. నాలుగు లోపల ఎమ్మిగనూరులో సేతుమాధవరావు గారింట్లో నూట ఎనిమిది కొవ్వొత్తులు అప్పజెప్పాలి. రాసినదాని కింద స్కేలు పెట్టి గీత గీసింది. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమే. ఏ పనైనా ముందు కాగితం మీద జరిగితే తప్ప ఆమెకు చేతులు ఆడవు.

నాలుగేళ్ళుగా ఆమె ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది. లెక్కలతో పాటు, మాస్టరు రాని రోజున హిందీ, ఆయా రాని రోజున పిల్లల ముక్కులు తుడవడం కూడా ఆమె వంతే. వచ్చే ఏడు కూడా ఉంటానని సోమవారం లోగా సంతకం పెట్టి, ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చి ఇవ్వమన్నారు. అవి ఒకసారి ఆ బడి బీరువాలోకి పోయాయంటే ఏడాది దాకా బయటికి రావు, వాటి వెనక మనిషి కూడా రాదు. ఇటు చూస్తే, కర్నూలులో పది రోజుల శిక్షణ తీసుకుని ఇంట్లో మొదలుపెట్టిన కొవ్వొత్తుల పని ఇప్పుడిప్పుడే నిలబడుతోంది. సేతుమాధవరావు గారికి ఈ నూట ఎనిమిదీ నచ్చితే ప్రతి పౌర్ణమికీ నూట ఎనిమిది. నచ్చకపోతే సోమవారం సంతకం.

సేతుమాధవరావు గారు ఆమెకు హైస్కూల్లో హెడ్‌మాస్టరు. రిటైరయ్యాక ఎమ్మిగనూరులో సొంత ఇల్లు కట్టుకున్నారు. ఆర్నెల్లు హోమియో మందులు ఇచ్చారు, ఆర్నెల్లు నవ్వుల క్లబ్బు నడిపారు, ఆర్నెల్లు ఊరంతటి చేతా కొర్రన్నం తినిపించారు. ఇప్పుడు మేడ మీద ధ్యాన మందిరం కట్టారు. చిత్తం చెదరకూడదని కిటికీలన్నిటికీ తెరుచుకోని అద్దాలు బిగించారు. ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లున్న జయన్న గారి చేత ఏసీ దానం చేయించారు. కొవ్వొత్తి అన్న మాటలో కొవ్వు ఉంది కాబట్టి మడి ఇంటి మెట్లెక్కనివ్వనని భార్య పద్మాబాయి అడ్డం పడితే, వాటికి ధ్యాన దీపికలని పేరు పెట్టి ఎక్కించారు.

"వాసన తెలిసీ తెలియనట్టు ఉండాలమ్మా. మనస్సుకు తెలియాలి, ముక్కుకు తెలియకూడదు," అని ఫోనులో చెప్పారు. భారతి ఆ మాట కూడా నోటుపుస్తకంలో రాసుకుని కింద గీత గీసుకుంది.

శిక్షణలో మేడమ్ రెండు సూత్రాలు గట్టిగా చెప్పింది. కిలో మైనానికి అరవై గ్రాముల వాసన నూనె. అంతకు మించితే మైనం నూనెను పట్టుకోదు, పైకి చెమట పోస్తుంది, వెలిగిస్తే మసి కక్కుతుంది. ఇది మొదటిది. రెండోది ముక్కును గురించి. వాసన దగ్గర పది నిమిషాలు కూర్చుంటే ముక్కు అలిసిపోతుంది, దాన్ని నమ్మకూడదు. బయటినుంచి వచ్చిన కొత్త ముక్కుకు చూపించాలి. భారతి రెండింటినీ ఎర్ర సిరాతో రాసుకుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటే ఏ మాట వినాలో మేడమ్ చెప్పలేదు, భారతి అడగలేదు.

ఏడింటికి మైనం కరిగింది. ఐదు కిలోల నాలుగు వందల గ్రాముల మైనానికి మూడు వందల ఇరవై నాలుగు గ్రాముల సంపంగి నూనె తూచి పోసి, రెండు నిమిషాలు కలిపింది. అది బెంగళూరు నుంచి కొత్తగా తెప్పించిన కిలో డబ్బా. మూత తీస్తేనే కళ్ళు మండేంత ఘాటు. కానీ అప్పటికే గంటసేపు ఆ డబ్బా పక్కనే కూర్చున్నందున భారతి ముక్కుకు ఏమీ తెలియలేదు. తల్లి సంతోషమ్మ ముక్కూ అంతే. అదే సమయానికి టీ తాగడానికి వీధి చివరికి పోయిన తండ్రి సుబ్బన్న లోపలికి వచ్చాడు.

ఆ ఇంట్లో సుబ్బన్న ముక్కుకు ఒక పేరుంది. ప్రతి ఆదివారం చర్చి నుంచి వెనకబడి వచ్చే సుబ్బన్న గడపలో కాలు పెడుతూనే, "సందు మొదట్లోనే తెలిసినాదే నీ చేపల పులుసు," అంటాడు. ఆ ఒక్క మాట కోసం సంతోషమ్మ పొయ్యి దగ్గర నుంచి కదలదు. పైగా ఆ ఇంట్లో పచ్చడైనా మార్కుల కాగితమైనా సుబ్బన్న చూసి సరే అనేదాకా పూర్తయినట్టు కాదు. మార్కుల కాగితం ఆయన తలకిందులుగా పట్టుకుని చూసిన రోజులున్నాయి. అయినా పద్ధతి పద్ధతే.

"నాయనా, వాసన చాలునేమో సూడు," అంది భారతి.

సుబ్బన్న గిన్నె మీదికి వంగాడు. గట్టిగా పీల్చాడు. కూతురి ముఖం చూశాడు, పెళ్ళాం ముఖం చూశాడు, మళ్ళీ పీల్చాడు.

"రాలేదు మా. ఇంగ కొంచెం పొయ్యి."

భారతి నోటుపుస్తకం వైపు చూసింది. లెక్క సరిగ్గానే ఉంది. ఆ సంశయమే పైకి అంటే సంతోషమ్మకు కోపం వచ్చింది. "సందు మొదట్లో పులుసు వాసన పట్టే మనిషి సెప్తాంటే, నీ పుస్తకమేంది మధ్యలో?" అంది. భారతి ఇంకో రెండు వందల గ్రాములు పోసింది. సుబ్బన్నను వీధిలోకి పంపి, ముక్కు కొత్తగా అయ్యాక మళ్ళీ పిలిచింది. ఆయన ఈసారి కళ్ళు మూసుకుని పీల్చి, ఉండీ లేనట్టుందన్నాడు. ఇంకో రెండు వందలు పడింది. మూడోసారి సుబ్బన్న తల గోక్కుంటూ, మిగిలింది డబ్బాలో పెట్టుకుని ఏం చేస్తావని అడిగాడు. అదీ నిజమే అనిపించింది. ఎనిమిదింటికి కిలో డబ్బా ఖాళీ అయింది. ఎంత పోసిందీ, ఎవరు చెప్పగా పోసిందీ భారతి తేదీ వేసి మరీ రాసుకుంది.

పదింటికి ఎదురింటి పెద్దమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. ఆమెను వీధి వీధంతా పెద్దమ్మే అంటుంది. పందిట్లో పడుకున్న తన మేక లేచి పారిపోయిందనీ, మీ ఇంట్లో ఏం జరుగుతోందనీ అడిగింది. కొవ్వొత్తులని చెబితే, ఒకటా నూరా అని అడిగి, లోపలికి రాకుండానే వెనక్కి తిరిగింది. పోతూ పోతూ, "సంబంధం కుదిరినాదేమో, పిలిసేది మరిసినారేమో అనుకుంటి," అని సంతోషమ్మను ఒక పోటు పొడిచింది. సంతోషమ్మకు ఆ పోటు తగిలింది గానీ, మేక ఎందుకు పారిపోయిందన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తగల్లేదు.

ఒంటిగంటకు గడ్డకట్టిన మైనం మీద నూనె ముత్యాల్లా చెమర్చి ఉంది. భారతికి మొదటి సూత్రం గుర్తుకు వచ్చింది. కానీ పట్టికలో ఒంటిగంటకు సర్దడం అని ఉంది తప్ప ఆలోచించడం అని లేదు. గుడ్డతో ఒక్కో గ్లాసూ తుడిచి నాలుగు పెట్టెల్లో సర్దింది. మోకాళ్ళ నొప్పులతో మిల్లు మానేసి రెండేళ్ళయినా, కూతురు పెట్టె ఎత్తితే సుబ్బన్న చూడలేడు. ఇరవై ఎనిమిదేళ్ళు పత్తి నింపిన బోరేలు మోసిన భుజం మీద నాలుగు పెట్టెలూ పెట్టుకుని వెంట బయలుదేరాడు.

బస్సు ఊరు దాటక ముందే మొదలైంది. ముందు సీటులోని ముసలామె పెళ్ళివాళ్ళా అని అడిగింది. ఆమె పక్కనున్నాయన వరసగా తొమ్మిది సార్లు తుమ్మాడు. ఒక పిల్లవాడు తల్లి ఒళ్ళో కక్కుకున్నాడు. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి, గుడ్డతో ముక్కు మూసుకుని వచ్చాడు.

"ఏమ్మా, ఆ పెట్టెల్లో ఏముండాది?"

"కొవ్వొత్తులన్నా."

"ఎలిగించకముందే ఇట్లుంటే, ఎలిగిస్తే ఊర్లు ఖాళీ చేయాల్నేమో కదమ్మా," అని, పెట్టెల్ని చివరి సీటుకు మార్పించాడు. చివరి సీటువాళ్ళు ముందుకు వచ్చారు. వాళ్ళ ముందువాళ్ళు ఇంకా ముందుకు వచ్చారు. సగం దారికి బస్సులో ముందు సగం కిక్కిరిసిపోయి, వెనక సగంలో పెట్టెలూ సుబ్బన్నా మిగిలారు. ఈ దారిలో ఇంత ఖాళీ బస్సు ఎన్నడూ ఎక్కలేదని ఆయన కాళ్ళు చాపుకున్నాడు.

భారతి కిటికీలోంచి తల బయట పెట్టి కాసేపు గాలి పీల్చి, లోపలికి తిరిగింది. అప్పుడు తెలిసింది. సంపంగి పూల వాసన కాదు అది. సంపంగి తోటంతా లోడెత్తి మనిషి ముక్కులో దించినట్టు ఉంది. తనకు రెండో సూత్రం కొత్త ముక్కును ఇచ్చింది, కానీ ఆరు గంటలు ఆలస్యంగా ఇచ్చింది. వెనక్కి చూసింది. నాయన హాయిగా కూర్చుని ఉన్నాడు. తన కోసం ఎంత ఓర్చుకుంటున్నాడో అనుకుంటే ఆమెకు కళ్ళు చెమర్చాయి. కొంత అందువల్ల, కొంత సంపంగి వల్ల.

ఎమ్మిగనూరులో మెట్ల మీదే పద్మాబాయి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఎదురైంది. భారతి ఏదీ దాచలేదు. నూనె మూడింతలు పడిందని, నూట ఎనిమిదీ వెలిగించవద్దని, పదింటితో సరిపెట్టమని సేతుమాధవరావు గారిని బతిమాలింది. మళ్ళీ చేసి వచ్చే పౌర్ణమికి ఊరికే ఇస్తానంది. ఆయన చిరునవ్వు నవ్వారు.

"నూట ఎనిమిది అంటే నూట ఎనిమిదేనమ్మా. లెక్కల టీచరువి, నీకు చెప్పాలా? అయినా వెలిగితే వాసన పలచబడుతుంది."

ఏ శాస్త్రం ప్రకారం పలచబడుతుందో ఆయన చెప్పలేదు. హైస్కూల్లో ఆయన చెప్పిన సైన్సును ఎవరూ ప్రశ్నించలేదు కాబట్టి ఆ అలవాటు రెండు వైపులా మిగిలిపోయింది.

ఐదింటికి యాభై తొమ్మిది మంది చాపల మీద కూర్చున్నారు. బ్యాంకులో చేసి రిటైరైన వాళ్ళు, బట్టల షాపుల వాళ్ళు, టీచర్లు. ముందు వరసలో తెల్ల బట్టల్లో ఏసీ దాత జయన్న. గడప దగ్గర చెప్పుల పక్కన నిలబడ్డ సుబ్బన్నను కూడా చివరి వరసలో కూర్చోమన్నారు. ఒకరు తగ్గి అరవై నిండలేదని. తలుపులు మూశారు. దీపికలు వెలిగాయి. సేతుమాధవరావు గారు మైకు అందుకుని, గంట కొట్టేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదన్నారు. మనస్సు మలినంగా ఉన్నవాళ్ళకు మాత్రమే మొదట్లో ఇబ్బందిగా ఉంటుందని కూడా చెప్పారు.

"ఇప్పుడు దీర్ఘంగా శ్వాస లోపలికి తీసుకోండి."

అరవై మందీ తీసుకున్నారు. వదలమని చెప్పేదాకా ఎవరూ ఆగలేదు.

రెండు నిమిషాలకు కళ్ళ వెంట నీళ్ళు కారడం మొదలైంది. కన్నీళ్ళు వస్తే రానివ్వండి, అది హృదయం కరగడమని మైకులో వినిపించింది. అందరి హృదయాలూ ధారాళంగా కరిగాయి. గొంతులు పట్టేశాయి. తలలు దిమ్మెక్కాయి. కానీ ముందు లేచినవాడిదే మలిన మనస్సు అవుతుంది కాబట్టి ఎమ్మిగనూరు పెద్దమనుషుల్లో ఒక్కరూ లేవలేదు. గాజు గ్లాసుల్లో పైకి తేలిన నూనె అంటుకుని, మంటలు జానెడు పొడవున సాగి, నల్లటి మసి నూలుపోగుల్లా గాలిలోకి లేచింది.

ఆ మసి వెళ్ళి జయన్న తెల్ల చొక్కా మీద వాలింది. ఆయన ఒక కన్ను తెరిచి చొక్కా చూసుకున్నారు. మోగని ఫోను చెవికి పెట్టుకుని, "ఆఁ, వస్తాండా," అంటూ లేచి బయటికి నడిచారు. అంతే, ఒక్కసారిగా అందరికీ ఫోన్లు వచ్చాయి. తలుపు దగ్గర తోపులాట జరిగింది. ఎవరి చెప్పులు ఎవరు వేసుకున్నారో ఇప్పటికీ తేలలేదు. చివరికి మైకు కూడా దగ్గి, కింద పడి, సేతుమాధవరావు గారి అడుగుల చప్పుడు మెట్ల మీద వినిపించింది. కింద పద్మాబాయి ఒక్కొక్కరికీ మజ్జిగ పోస్తూ, నేను ముందే చెప్పానన్న మాట అరవై సార్లు చెప్పే అవకాశాన్ని వదులుకోలేదు.

అరవై కాదు, యాభై తొమ్మిది సార్లు. భారతి తలలు లెక్కపెట్టుకుంది. నాయన లేడు.

చున్నీ ముక్కుకు కట్టుకుని పైకి పరుగెత్తింది. ఆమె వెనకే సేతుమాధవరావు గారు, జయన్న, మరో పదిమంది వెళ్ళారు. పొగ మధ్యలో, చివరి వరసలో, సుబ్బన్న గోడకు ఆనుకుని, వెన్ను నిటారుగా పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నాడు. ముఖం ప్రశాంతంగా ఉంది. లోపలి నుంచి సన్నగా ఏదో నాదం వస్తోంది.

సేతుమాధవరావు గారు చేయెత్తి అందరినీ ఆపారు. "కదిలించకండి. ప్రణవం వినండి," అన్నారు గద్గదంగా.

ఆ ప్రణవం భారతికి బాగా తెలుసు. రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇంట్లో వినిపించేదే. బోరేల మీద నిలువునా కూర్చుని నిద్రపోవడం మిల్లు హమాలీలందరికీ వచ్చిన విద్య. పైగా ఆ రోజు ఆయన ఏసీ గదిలో కూర్చోవడం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. ఆమె పోయి భుజం తట్టింది.

"అయిపోయినాదా పాపా? గంట ఇనపడలేదే," అన్నాడు సుబ్బన్న.

"నాయనా, ఈ వాసనలో ఎట్ల పండుకుంటివి?"

సుబ్బన్న చుట్టూ చూశాడు. మసి, దగ్గులు, గుడ్డలు కట్టుకున్న ముఖాలు. అప్పుడాయన కూతురి వైపు వంగి, దొంగతనం ఒప్పుకున్నట్టు మెల్లగా అడిగాడు.

"ఏం వాసన?"

భారతి పక్కనే కూలబడింది. పదేళ్ళయిందట. మిల్లులో పత్తి దుమ్ము పీల్చి పీల్చి ఒక ఏడు జలుబనుకున్నాడు, తర్వాత అదే అలవాటయింది. ముక్కు పోయిందని తెలిస్తే పనిలోంచి తీసేస్తారని అప్పుడు చెప్పలేదు. పని మానేశాక చెప్పడానికి సిగ్గేసింది.

"మరి తెలవకపోతే తెలవదని సెప్పల్ల గదా. ఇంగా పొయ్యమని ఎందుకు సెప్తివి?"

"తక్కవైతే నిన్ను తిడతారేమో అనుకుంటి మా. ఎక్కవ మోసినోన్ని తిట్టినోన్ని నేను యాడా సూడలేదు."

భారతి లేచి నిలబడింది. బడిలో తప్పు ఒప్పుకునే పిల్లలాగా చేతులు కట్టుకుని, మా నాయన ధ్యానం చేయలేదనీ నిద్రపోయాడనీ, ఆయనకు వాసన తెలియదనీ, మిల్లు దుమ్ముకు ముక్కు పోయిందనీ, అది కనుక్కోకుండా నూనె పోసింది తన తప్పేననీ అందరి ముందూ చెప్పింది. ఆర్డరు వద్దు, పెట్టెలు వెనక్కి తీసుకుపోతానంది. చెబుతున్నంతసేపూ ఆమెకు బడి బీరువా తలుపు మూసుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

సేతుమాధవరావు గారు అంతా విని కళ్ళు తుడుచుకున్నారు. ఉన్న ముక్కులు అదుపు తప్పి యాభై తొమ్మిది మంది పరుగెత్తారని, అదుపులో ఉన్న ముక్కు ఒక్కటే నిలిచిందని, ఇంద్రియాన్ని జయించడమంటే ఇంకేమిటని అన్నారు.

"జయించలేదండీ, చెడిపోయిందంటోంది ఆ పిల్ల," అంది పద్మాబాయి గడపలోంచి. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు.

జయన్న ముందుకు వచ్చి, మసి చొక్కాతోనే నమస్కారం పెట్టారు. "ఎన్నేండ్ల సాధనప్పా ఇది? యాడ సేసినావు?"

సుబ్బన్న కంగారుగా లేచి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మీ మిల్లులోనే సార్. ఇరవై ఎనిమిదేండ్లు."

గదిలో ఏసీ చప్పుడు ఒక్కటే మిగిలింది. ఈసారి జయన్న ఫోను నిజంగానే మోగింది గానీ, ఆయన తీయలేదు. ఆ మౌనాన్ని చెడనివ్వకుండా సేతుమాధవరావు గారు కర్మయోగం గురించి పావుగంట మాట్లాడారు. జయన్న ఆ పావుగంటా నేల చూస్తూ విన్నారు.

మాట్లాడ్డం పూర్తయ్యేసరికి ఆర్డరు ఖాయమైంది. ప్రతి పౌర్ణమికీ నూట ఎనిమిది. రెండు షరతులు. కిటికీలు తెరుచుకునేలా మార్పించేదాకా మేడ మీదికి నిప్పు రానివ్వనన్నది పద్మాబాయి షరతు. సుబ్బన్న ముందు వరసలో కూర్చోవాలన్నది సేతుమాధవరావు గారిది. సాధకులకు ఒక ఆదర్శం కళ్ళ ముందు ఉండాలట. కూర్చుంటే చాలా, ఇంకేమైనా మోయాలా అని సుబ్బన్న అడిగాడు. కూర్చుంటే చాలన్నారు. అంత తేలికైన పని తన బతుకులో ఎవరూ ఇవ్వలేదని, ఆయన మరోమాట లేకుండా ఒప్పుకున్నాడు.

సోమవారం భారతి బడికి పోయి సంతకం పెట్టనని చెప్పి వచ్చింది. నోటుపుస్తకంలో మూడో సూత్రం రాసుకుంది. నూనె తూకం ప్రకారం పోయాలి, ముక్కు ఎవరిదైనా సరే. సందేహం వస్తే మాత్రం పెద్దమ్మ మేకను పందిట్లో కట్టేసి, గిన్నె దగ్గర పెట్టి చూస్తోంది. అది కదలకుండా నమిలితే చాలు. సుబ్బన్న పౌర్ణమి పౌర్ణమికీ ఉతికిన పంచె కట్టుకుని ఎమ్మిగనూరు పోయి, ముందు వరసలో గంటసేపు హాయిగా నిద్రపోయి వస్తున్నాడు. ఆయన వెనక కూర్చున్నవాళ్ళకు క్రమంగా ప్రణవం పట్టుబడుతోందని సేతుమాధవరావు గారు సంతోషిస్తున్నారు.

ఈ సంగతంతా విన్న రోజు సంతోషమ్మ పొయ్యి మీద గిన్నె దించి, మొగుడి ఎదురుగా వచ్చి కూర్చుని, ఒకే ఒక్క మాట అడిగింది. "అయితే ఈ పదేండ్లు ఆదివారమాదివారం నా పులుసు వాసన సందు మొదట్లోనే నీకెట్ల తెలిసినాదప్పా?"

ఇంద్రియాలను జయించిన మనిషి, ఆ రోజు మొదటిసారి ముక్కు తుడుచుకున్నాడు.